జ్ఞానతండ్రి ఇచ్చిన తలుపు

జూలై 28

హైస్కూలు వదిలాక నేను ఇంత పొడుగు ఏదీ రాయలేదు. ఈ రోజు పొద్దున గుడికి పాపసంకీర్తనానికి వెళ్ళాను. మోకరించాక చెప్పడానికి పాపం ఏదీ తోచలేదు, తలుపు ఒక్కటే తోచింది. తలుపు సంగతి గురువుగారికి ఏమని చెప్పను? మా అమ్మాయి యానెత్ మీద విసుక్కున్నానని చెప్పి వచ్చేశాను. ఇంట్లో జపమాల చెప్పుకుంటుంటే నాలుగో రహస్యం దగ్గర మళ్ళీ ఆ తలుపే అడ్డం వస్తోంది. అందుకని దాని పాత స్కూలు నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. చదివేదీ నేనే.

తలుపు నిన్న వచ్చింది. దోన్ అబిలియో గారి బంగాళాదుంపల లారీ మీద, ఎరుపూ తెలుపూ రిబ్బన్లు కట్టించుకుని, వెనక సాక్సఫోన్లు మోగుతుండగా వచ్చింది. జెండా పండగ కదా అని వీధి వీధంతా బయటే ఉంది. అందరూ చూశారు.

మా దగ్గర బిడ్డకే కాదు, కొత్త ఇంటికీ జ్ఞానతండ్రి ఉంటాడు. కప్పు పోసిన రోజున ఆయన్ని మా ఇంటికి జ్ఞానతండ్రిగా నిలబెట్టుకున్నాం. యానెత్‌ని జ్ఞానస్నానం నాడు చేతుల్లోకి తీసుకున్నదీ ఆయనే, మా ఆయన జోసిమోకి తన గిడ్డంగిలో పని ఇచ్చిందీ ఆయనే. ఇంకెవరిని అడుగుతాం? రొట్టెల బుట్ట, వేయించిన గినీ పందులు పట్టుకుని వెళ్ళి అడిగాం. ఆయన వచ్చి, సెంట్రింగు కర్రల కింద నిలబడి, మొక్కజొన్న కల్లు చిచా సీసా పగలగొట్టి, "ఈ ఇంటికి తలుపు నాది" అన్నారు. మేము మామూలు చెక్క తలుపు అనుకున్నాం.

ఇది జరుపుడు తలుపు. నాలుగు రెక్కలు, నిలువెత్తు గాజు, అల్యూమినియం చట్రం. ఊళ్ళో బ్యాంకులకి ఉంటాయే, అలాంటిది. మా ముందుగదికి తలుపు కోసం వదిలిన సందు దానికి సగమే ఉంటుందేమో.

జోసిమో కొలత టేపు తీశాడు, చూశాడు, మళ్ళీ చుట్టేశాడు.

"ఏం తమ్ముడూ, చాలదా?" అన్నారు దోన్ అబిలియో, నవ్వుతూ.

"ఎందుకు చాలదన్నా, కొలిచి చేయించినట్టుంది," అన్నాడు జోసిమో.

అందరి ముందూ అన్నాడు. పక్కన నిలబడి నేనూ తల ఊపాను.

జూలై 30

మేస్త్రి గ్రిమాల్దో వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"గాజు కొంచెం కోయించుకోవచ్చా?" అని అడిగాను.

"వేడి పెట్టి గట్టిపరచిన గాజమ్మా ఇది. కొయ్యాలని చూస్తే ఉప్పురాళ్ళలాగా రాలిపోద్ది. గోడంటావా, ఎంతైనా కొయ్యొచ్చు. గోడకి కోపం రాదు కదా."

తలుపు సందుకీ కిటికీకీ మధ్య ఒక స్తంభం ఉంది. గోడ, కిటికీ, స్తంభం అన్నీ తీసేసి ఒకటే సందు చేస్తే తలుపు పడుతుందట.

"మరి పైది?" అన్నాను.

"పైన దూలం ఉంది. దూలంలో ఇనుము ఉంది. ఏం కాదు." ఆ మాట అంటున్నప్పుడు అతను దూలం వైపు చూడలేదు. జోసిమో వైపు చూశాడు.

మేస్త్రి వెళ్ళాక, చిన్న తలుపు ఇమ్మని అడుగుదామా అని జోసిమోతో అన్నాను.

"ఏమని అడుగుతావే ముసలీ? అన్నా, మీ చెయ్యి పెద్దది, మా ఇల్లు చిన్నది అనా?"

సూప్‌లో బంగాళాదుంపలు వేసి కలుపుతూ కూర్చున్నాను.

ఆగస్టు 1

స్తంభం తీసేశారు.

ఆగస్టు 6

తలుపు పెట్టారు. ఒక్క వేలితో నెడితే చివరిదాకా పోయింది. ఎదుటి మంచుకొండ మొత్తం గదిలోకి వచ్చినట్టుంది. యానెత్ కూతురు మిలి వెలుతురు పడిన చోటికి పాక్కుంటూ పోయి, గాజుకి నాలుక ఆనించి, తనని తాను చూసుకుని నవ్వింది. యానెత్ కూడా నవ్వింది. అద్దె గదిలో ఉన్నన్నాళ్ళూ దాని నవ్వు నేను చూడలేదు.

దోన్ అబిలియో వచ్చి తలుపుని ఇటూ అటూ జరిపారు. రెండు రెక్కల మధ్య నిలబడి ఫోటో తీయించుకున్నారు.

చట్రానికీ దూలానికీ మధ్య సన్నటి సందు వదిలారు. యేసుని పెంచిన పునీత జోజప్ప బొమ్మ ఉన్న చిన్న ప్రార్థన కార్డు అందులో పెట్టాను. ఆయన వడ్రంగి కదా. గాలికి కార్డు లోపల అటూ ఇటూ ఆడుతోంది, పడిపోదు.

చట్రం బిగించగానే గ్రిమాల్దో దూలం కింద నిలబెట్టిన పోటుకర్రలు తీయించేశాడు. ఇంకొన్నాళ్ళు ఉంచకూడదా అంటే, "ఉంచితే తలుపు ఎలా జరుగుతుందమ్మా?" అన్నాడు. నిజమే.

ఇన్నాళ్ళూ భయపడ్డాను. అది నా విశ్వాసం తక్కువై.

ఆగస్టు 13

పైన గది కట్టేదాకా యానెత్, అల్లుడు రూబెన్, మిలి ముందుగదిలో ఉంటారు. మిలి తొట్టి తలుపు పక్కన వేశాం, పొద్దుటి ఎండ అక్కడే పడుతుంది.

పై గదికి ఇటుకలు వచ్చాయి. చుట్టాలు, పక్కింటి వాళ్ళు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ గిలక దాకా అందించి కప్పు మీదికి చేర్చారు. అందరికీ మొక్కజొన్న గుగ్గిళ్ళు, జున్ను పెట్టాను. ఇటుకలన్నీ ముందు అంచునే పేర్చారు, గిలక అక్కడ ఉందని. వెనక్కి పేర్చమని చెబుదామనుకున్నాను. వాళ్ళు పాడుకుంటూ పేరుస్తున్నారు.

ఆగస్టు 14

తలుపు కాస్త బిగుసుకుంది. కొత్తది కదా.

ఆగస్టు 17

గుడిలో దీవించిన కొవ్వొత్తి ముక్క ఒకటి తెచ్చి తలుపు జరిగే కింది పట్టీకి రుద్దాను. జరిగింది. రెండు చేతులతో నెట్టాల్సి వచ్చింది గాని, జరిగింది.

ఆగస్టు 21

తలుపు పైన గోడలో వెంట్రుక లాంటి గీత ఒకటి. పూత ఆరేటప్పుడు అలాగే పగులుతుంది. పూత మాత్రమే.

ఆగస్టు 22

పొద్దున కొవ్వొత్తి రుద్దడానికి వంగితే పట్టీ జిడ్డుగా ఉంది. పంది కొవ్వు వాసన. పిల్లి ఏదో తెచ్చి తిని ఉంటుంది.

ఆగస్టు 24

అద్భుతాల ప్రభువు పటం తలుపు పైన తగిలించాను. గీత కనబడదు.

"అమ్మా, అంత ఎత్తున పెట్టావేంటి? అక్కడ చూసి దండం పెడితే మెడ పట్టేస్తుంది," అంది యానెత్.

"పైనుంచి అయితే ఇల్లంతా చూస్తాడు తల్లీ."

పటం తగిలించినప్పుడు నేను ప్రార్థన చేశాను. గీతని దాచడానికే పెట్టలేదు.

ఆగస్టు 26

మళ్ళీ పిల్లి.

ఆగస్టు 30

పునీత రోజా పండగ. పూజ అయ్యాక దోన్ అబిలియో, ఆయన భార్య దోన్యా నెలిదా మా ఇంటికి వచ్చారు. ముందు తలుపు తీయబోతే రాలేదు. వంటింటి వైపు నుంచి తీసుకొచ్చాను, అక్కడ ఎండ బాగుంటుందని చెప్పి.

"ఎర్మెలిందా, మేమిచ్చిన తలుపు తియ్యాలంటే తొమ్మిది రోజుల జపం చెయ్యాలా ఏంటి?" అంది దోన్యా నెలిదా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోసిమో అందరికన్నా గట్టిగా నవ్వాడు.

వచ్చే నెల పధ్నాలుగున, పవిత్ర సిలువ పండగ నాడు, ఇంటి మీద సిలువ నాటాలని నిర్ణయించారు. సిలువ, పూలు, పాటగాళ్ళు అన్నీ జ్ఞానతండ్రి ఖర్చే. ఆట కప్పు మీదే ఆడాలట.

"మా నాన్న ఇంటి మీద ఆడినట్టు ఆడాలి చెల్లెమ్మా. కాలు వేస్తే కిందున్నవాళ్ళ గుండెల్లో మోగాలి," అన్నారాయన.

మా దగ్గర ఆట అంటే మడమలు నేలకేసి కొట్టడమే. ఊరు సగం వస్తుంది. వాళ్ళందరూ ఆ ఇటుకల పక్కన.

వాళ్ళకి రెండోసారి కాఫీ పోశాను.

సెప్టెంబరు 3

గీత పటం పక్కనుంచి బయటికి వచ్చింది. పటాన్ని కాస్త ఎడమకి జరిపాను.

సెప్టెంబరు 5

సంతలో గ్రిమాల్దో కనబడితే పక్కకి పిలిచి అడిగాను.

"కొత్త ఇల్లు కదమ్మా, సర్దుకు కూర్చుంటది."

"ఎప్పటిదాకా కూర్చుంటుంది?"

చేతిలో ఉల్లికాడల కట్ట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "దోన్ అబిలియో గారు వచ్చే ఏడాది ఆయన మేడ పని నాకు చెప్పారు. ఆయన తలుపు గురించి నా నోటితో ఏమీ అనిపించకమ్మా. ఆ స్తంభం తీయమన్నది మీ ఆయనే."

అతన్ని తిట్టలేకపోయాను. నేనే చెప్పలేని మాట అతన్ని చెప్పమంటున్నాను.

సెప్టెంబరు 9

ఈ రోజు ముందుగది తుడుస్తూ స్టూలు ఎక్కి, చట్రం పైన సందులో పెట్టిన జోజప్ప కార్డు తీయబోయాను. దుమ్ము దులిపి మళ్ళీ పెడదామని. కార్డు కదల్లేదు. గోటితో లాగాను. గట్టిగా లాగాను. చిరిగింది. సగం నా చేతిలోకి వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. నాకు వచ్చింది రంపం పట్టుకున్న చెయ్యి.

ఆ సందు లేదు. దూలం దిగి చట్రం మీద కూర్చుంది. ఆగస్టులో గాలికి ఆడిన కార్డు అది.

అంటే ఇటుకల బరువు, కప్పు బరువు మోస్తున్నది గాజు.

పూత మాత్రమే అని ఇన్నిసార్లు రాశాననుకున్నాను. వెనక్కి తిప్పి చూస్తే ఒక్కసారే రాశాను. మిగతావన్నీ మనసులో అనుకున్నవి.

సెప్టెంబరు 10

మిలి తొట్టిని వంటింట్లోకి మార్చాను. తలుపు సందుల్లోంచి చలిగాలి కొడుతోందని యానెత్‌కి చెప్పాను. వాళ్ళిద్దరి పరుపూ లోపలికి తెప్పించాను. యానెత్ గొణిగింది, వంటింట్లో పొగ అని. జోసిమో ఒక్క మాట అడగకుండా తొట్టి రెండో వైపు పట్టుకున్నాడు.

ఈ తలుపు నా వల్ల కాదు అని చెబితే దోన్ అబిలియోకి పోయే పరువు ఎంత? ఈ ఊళ్ళో జ్ఞానతండ్రి ఇచ్చినది కాదన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఆ తర్వాత యానెత్ ఆయన ముందుకి ఏ ముఖంతో వెళుతుంది? జోసిమో గిడ్డంగికి ఏ ముఖంతో వెళతాడు? చెప్పకపోతే ఏమవుతుందో రాయడానికి చెయ్యి రావడం లేదు.

సెప్టెంబరు 12

పండగ నాడు వాన పడాలని ప్రార్థించాను. పెద్ద వాన, కప్పు ఎవరూ ఎక్కలేనంత. విత్తనాలకీ మంచిదే కదా, ఇందులో స్వార్థం లేదు అనుకున్నాను.

ఆకాశంలో మబ్బు తునక లేదు.

సెప్టెంబరు 14

ఈ రోజు రాయలేను.

సెప్టెంబరు 15

నిన్నటిది రాస్తాను.

పూజ అయ్యాక సిలువని దీవించారు. పూలతో నిండి ఉంది, మనిషంత ఎత్తు. దోన్ అబిలియో భుజాన వేసుకుని ఊరేగింపుగా తెచ్చారు. మెడలో కాగితం దండలు, తల మీద కొత్త టోపీ. నిచ్చెన ఎక్కి అందరూ కప్పు మీదికి చేరారు. సాక్సఫోన్లు, వాయులీనం, తీగలున్న పెద్ద వాద్యం హార్ప్‌ని కూడా తాళ్ళతో పైకి లాగారు. ఇటుకల గుట్ట మీద ముసలివాళ్ళు కూర్చున్నారు. నేను ముందుగదిలోనే ఉన్నాను. అక్కడ ఎందుకు నిలబడ్డానో తెలియదు. పటం కింద నిలబడి జపమాల పట్టుకున్నాను.

పాట మొదలైంది. మొదటి వరస మడమలు పడ్డాయి. గాజులో టిక్కుమని చిన్న చప్పుడు వినబడింది, చలికాలం చెరువు మీద మంచు పలికినట్టు. రెండో వరస. మళ్ళీ టిక్కు. అప్పుడే యానెత్ పాపని ఎత్తుకుని బయటి నుంచి తలుపు దగ్గరికి వచ్చింది, గాజులోంచి నాకు మిలి చెయ్యి ఊపించడానికి.

"అటు పో," అన్నాను. గాజు అవతల దానికి వినబడలేదు. నవ్వుతోంది. నేను వంటింటి గుండా బయటికి పరుగెత్తి యానెత్ చెయ్యి పట్టుకుని వీధిలోకి లాగాను. తర్వాత నిచ్చెన ఎక్కాను.

నా గొంతు చిన్నది. చిన్నప్పుడు క్లాసులో కూడా నా చేత రెండుసార్లు చెప్పించేవారు. ఆపండి అన్నాను. ఎవరూ వినలేదు. మళ్ళీ అన్నాను. దోన్ అబిలియో చేతులు చాపి నన్నూ ఆటలోకి రమ్మన్నారు. అప్పుడు వెళ్ళి హార్ప్ తీగల మీద రెండు అరచేతులూ ఆనించాను. తీగలు చేతికింద వణికి ఆగిపోయాయి. అది ఆగితే మిగతావీ ఒకటొకటిగా ఆగాయి.

"ఏం చెల్లెమ్మా, పాట నచ్చలేదా?" అన్నారాయన. జనం నవ్వారు.

"కింద దూలం దిగింది. మీరిచ్చిన తలుపు దాన్ని మోస్తోంది. అందరూ దిగండి. ఒక్కొక్కరే, వెనక వైపు నుంచి, నెమ్మదిగా నడిచి."

నవ్వులు ఆగాయి.

"విన్నావా? మనమిచ్చిన దానికి ఇన్నాళ్ళకి వంక పెడుతోంది," అంది దోన్యా నెలిదా భర్తతో. "నచ్చకపోతే ఆ రోజే చెప్పాల్సింది."

దోన్ అబిలియో నా వైపు చూడలేదు. జోసిమో వైపు తిరిగారు. "కొలిచి చేయించినట్టుందన్నావు కదయ్యా."

జోసిమో టోపీ తీశాడు. "అబద్ధం చెప్పానన్నా. పట్టలేదు. స్తంభం తీయించింది నేనే. ఎర్మెలిందాకి తెలియకూడదని రోజూ అది లేవకముందే పంది కొవ్వు రాసి నెడుతున్నాను. కొన్నాళ్ళ నుంచి నెట్టినా రావడం లేదు."

నేను అతని వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు.

అందరూ దిగారు. ఎవరూ తోసుకోలేదు. హార్ప్ చివరన దిగింది. సిలువ పైనే ఉండిపోయింది, నాటకుండా, పడుకోబెట్టినట్టు.

నేను అందరి ముందూ స్టూలు ఎక్కి పటం తీశాను. దాని వెనక ఉన్నది గీత కాదు, పగులు. దోన్ అబిలియో దగ్గరికి వచ్చి చెయ్యెత్తి అందులో వేలు పెట్టారు. ఉంగరం దాకా పోయింది. కాసేపు అలాగే ఉండి, వేలు తీసి, చొక్కాకి తుడుచుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు. వెనకాలే పాటగాళ్ళు వెళ్ళారు. వండిన మాంసం అలాగే ఉంది.

సెప్టెంబరు 16

పొద్దున్నే రూబెన్, జోసిమో ఇటుకలు దింపడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం వంటింట్లో అందరం తింటుంటే ముందుగదిలో ఏదో కుమ్మరించినట్టు చప్పుడైంది. ఎవరూ ముట్టుకోలేదు. ఒక రెక్క తనంతట తానే రాలిపోయింది. మేస్త్రి చెప్పినట్టే, ఉప్పురాళ్ళు. మిలి తొట్టి ఉండిన చోట కుప్పగా పడ్డాయి.

యానెత్ వచ్చి దాన్ని చూసింది. "చలిగాలి అన్నావు కదమ్మా," అంది.

సాయంత్రం గ్రిమాల్దో పిలవకుండానే వచ్చాడు. యూకలిప్టస్ దుంగలు తెచ్చి దూలం కింద పోటు పెట్టాడు. తల ఎత్తలేదు. నేను సూప్ ఇచ్చాను, తాగాడు.

సెప్టెంబరు 20

దోన్యా నెలిదా మా రొట్టెల బుట్ట తిరిగి పంపింది, జ్ఞానతండ్రిగా ఉండమని అడిగినప్పుడు మేమిచ్చిన బుట్ట. ఖాళీగా, కడిగి.

జోసిమోని గిడ్డంగిలో ఎవరూ ఏమీ అనలేదట. దోన్ అబిలియో అటు రావడమే మానేశారట.

సెప్టెంబరు 21

గుడిలో ఆయన అవతలి వరసలో కూర్చున్నారు. పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ తిరిగి చూస్తారేమో అనుకున్నాను.

సెప్టెంబరు 22

పడుకునే ముందు జోసిమోతో, పిల్లి అనుకున్నాను అన్నాను.

"ఏ పిల్లి?"

"పట్టీ మీద కొవ్వు."

"మరి నాకు రోజూ మైనం కనబడేది. గుడి ఎలకలు కొవ్వొత్తులు లాక్కొచ్చాయనుకున్నాను," అన్నాడు.

ఇంట్లో పిల్లి ఎప్పుడూ లేదు.

సెప్టెంబరు 29

స్తంభం మళ్ళీ లేచింది. పునాది దాకా తవ్వి, పాత ఇనుముకి కొత్త ఇనుము కట్టారు. దూలాన్ని కొంచెం పైకి లేపి పగుల్లో సిమెంటు పోశారు. జోజప్ప మిగతా సగం ఆ సిమెంటులో ఎక్కడో ఉండిపోయాడు. తీయమని నేను అడగలేదు.

స్తంభానికి ఇవతల మిగిలిన సందు మొదట్లో మేము వదిలినంతే. అల్యూమినియం కోయవచ్చు కదా, చట్రం కోశారు. మూడు రెక్కల్లో రెండు పట్టాయి. మూడోది పెరట్లో గోడకి ఆనించాం. కోళ్ళు దానిలో తమని చూసుకుంటున్నాయి.

పోటుకర్రలు ఇంకా తీయలేదు. ఈసారి ఎవరూ తొందర పెట్టడం లేదు.

అక్టోబరు 12

ఆదివారం. పోటుకర్రలు తీసి ఎక్కువ రోజులు కాలేదు. నేను మొక్కజొన్న ఒలుస్తుంటే దోన్ అబిలియో ఒక్కరే, నడుచుకుంటూ వచ్చారు. వీధిలో నిలబడి తలుపు చూశారు. నేను లేచి నిలబడ్డాను.

ఆయన వచ్చి రెక్క మీద ఒక వేలు పెట్టి నెట్టారు. చప్పుడు లేకుండా పోయింది. మళ్ళీ ఇటు లాగారు. మళ్ళీ నెట్టారు.

"మిగతాది?"

"ఒకటి పోయింది. ఒకటి పెరట్లో ఉంది అన్నగారూ."

"ఆ రోజు వాడు టేపు చుట్టేసినప్పుడు వాడి ముఖం చూశాను చెల్లెమ్మా," అన్నారు. "పట్టదని నాకు అప్పుడే తెలుసు. సాక్సఫోన్లు వెనక మోగుతున్నాయి. తెలియనట్టు నవ్వాను."

లోపలికి రమ్మన్నాను. రాలేదు. జోసిమోని పిలిచి, నిచ్చెన పట్టుకోమన్నారు. ఇద్దరూ కప్పు మీదికి వెళ్ళారు. కింద నుంచి నాకు వాళ్ళ చెప్పుల చప్పుడు వినబడింది, నెమ్మదిగా, ఇద్దరివి మాత్రమే. సిలువ మీది పూలు ఎండిపోయాయి, అయినా నాటారు. పాట లేదు. ప్రార్థన నేను కింద నుంచి చెప్పాను, నా గొంతు వాళ్ళకి వినబడిందో లేదో.

దోన్యా నెలిదా రాలేదు. రావడానికి ఆమెకి ఇంకా సమయం పడుతుంది. బుట్టలో రొట్టెలు పెట్టి పంపాను, తిరిగి రాలేదు. అంతవరకు చాలు.

పటం ఇప్పుడు స్తంభం మీద, మనిషి కళ్ళ ఎత్తులో ఉంది. దాని వెనక స్తంభం స్తంభంలాగే ఉంది. చూశాను.

యానెత్, ఈ కాగితాలు ఎప్పుడైనా నీ చేతికి దొరికితే, చింపకు. మిలి జ్ఞానస్నానపు గౌను ఉన్న పెట్టెలో అడుగున పెట్టు. రూబెన్‌కి చూపకు, మీ జ్ఞానతండ్రికి చూపకు. మీ నాన్నకి అసలే వద్దు. పిల్లి అని రాసిన రెండు చోట్లా వేలు పెట్టి చూపిస్తూ నేను పోయేదాకా నవ్వుతాడు.